ఎవరి వార్త వాళ్లకి

“ఊరందరికీ ఒకే కొలత చొక్కా కుట్టిస్తే ఎంత అన్యాయమో, ఊరందరికీ ఒకే వార్త వినిపించడం అంతకన్నా అన్యాయం” అని సమాచార శాఖ మంత్రిగారు సభాముఖంగా ప్రకటించిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. గుర్తు లేకపోతే తప్పు మీది కాదు. ఆ ప్రకటన మీ వర్గానికి అక్కర్లేదని తేలి ఉంటుంది.

ఆ వాక్యం రాసింది మా బావగారు. ఆయన అది రాస్తున్నన్నాళ్లూ మా ఇంట్లో ఎవరం గట్టిగా తుమ్మలేదు.

బావ ఆ శాఖలో ప్రేక్షక వర్గీకరణ అధికారి. అంతకుముందు టీవీ కేంద్రంలో కుర్చీలూ బల్లలూ ఫ్యాన్లూ చూసుకునేవారు. ఎవరు లేకపోయినా పని ఆగదో అలాంటి ఒకరిని శిక్షణకి పంపమని పైనుంచి ఆర్డరొస్తే, అందరూ ఏకగ్రీవంగా ఆయన పేరే చెప్పారు. అలా వెళ్లిన మనిషి మేధావిగా తిరిగొచ్చారు. మనిషి టీవీ ఊరికే చూడడట. ప్రతి మనిషికీ ఒక అంతస్తు, కొన్ని విలువలు, లోపలెక్కడో ఒక మానసిక అవసరం ఉంటాయట. ఈ మూడూ తెలిస్తే ఎవరికి ఏ వార్త ఎంత మోతాదులో వెయ్యాలో తెలిసిపోతుందట. అప్పటిదాకా మేమంతా, టీవీ ఎదురుగా ఉంది కాబట్టి చూస్తున్నాం అనుకునేవాళ్లం.

మేమంతా అంటే అక్క, బావ, నేను. కింద అక్క నడిపే లాండ్రీ, పైన మా కాపురం. అక్క ఉతుకుతుంది, నేను ఇస్త్రీ చేస్తాను, బావ దేశానికి సేవ చేస్తారు. లాండ్రీకి ఆధారం పెద్దాసుపత్రి దుప్పట్లు. వాటి మీదే మా అద్దె, మా తిండి, బావ కోటు నడుస్తున్నాయి. అయితే ఈమధ్య పెద్ద పెద్ద మిషన్లున్న కంపెనీ ఒకటి ఆ కాంట్రాక్టు మీద కన్నేసింది. ఆసుపత్రి స్టోర్ కీపర్ అక్కని పక్కకి పిలిచి, ఒక్క విడత ఆలస్యమైనా కాంట్రాక్టు వాళ్లకి వెళ్లిపోతుందమ్మా, ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు అని ముందే చెప్పేశాడు. అప్పట్నుంచి అక్కకి కంటి నిండా నిద్ర లేదు.

సరే, సర్వే మొదలైంది. బావ మనుషులు వీధివీధీ తిరిగారు. అంతస్తు తెలుసుకోవడానికి కిటికీ పరదా చూసేవారు. పరదా ఉందా, ఉంటే కొన్నదా, పాత చీర కట్ చేసి వేలాడదీసిందా. విలువలు తెలుసుకోవడానికి ఒకే ప్రశ్న: ఇంటికి నిప్పంటుకుంటే మొదట ఏం తీసుకుని బయటికొస్తారు? పక్కింటి రిటైరైన మాస్టారు, నేను వస్తానండీ అన్నారు. ‘స్వార్థపరుడు’ అని రాసుకుని వెళ్లిపోయారు. ఆయన వారం రోజులు అన్నం సయించక బాధపడ్డారు.

మా ఇంటిని మాత్రం బావ స్వయంగా సర్వే చేశారు, పక్షపాతం అనే మాట రాకూడదని. కోటు తొడుక్కుని, కిందికి దిగి, మళ్లీ మెట్లెక్కొచ్చి తలుపు కొట్టారు.

“మీరు వార్తలు ఎందుకు చూస్తారు?”

“ఏంటండీ కొత్తగా మీరూ గీరూ అని. మీకు తెలీదా?” అంది అక్క.

“అడిగేది మొగుడు కాదు, ప్రభుత్వం. ఎందుకు చూస్తారు?”

“సీరియల్ మొదలయ్యేలోపు కూరగాయలు తరుక్కుందామని.”

బావ చాలాసేపు రాసుకున్నారు. వెళ్లేముందు అక్క, వీధి తలుపు గడియ పెట్టి వెళ్లండి అంది. అంతే, ఆ ఒక్క మాటతో దొరికిపోయింది. అక్కకి కావలసింది భద్రత అని తేలింది.

ఊరు మొత్తం నాలుగు వర్గాలయింది. జీవితంలో పైకి రావాలనుకునేవాళ్లు సాధకులు. పదిమందితో కలిసిమెలిసి ఉండాలనుకునేవాళ్లు బాంధవులు. ప్రతిదీ తెలుసుకోవాలనుకునేవాళ్లు జిజ్ఞాసువులు. ఏ గొడవా వద్దు బాబోయ్ అనుకునేవాళ్లు భద్రులు. ఇంటింటికీ ఒక పెట్టె ఇచ్చారు. మీ వర్గం వార్త మీ పెట్టెలోంచి మాత్రమే వస్తుంది. మా పెట్టెకి పచ్చ దీపం, అంటే భద్రులం. మాస్టారిది నీలం, జిజ్ఞాసువు. స్వార్థపరుడు జిజ్ఞాసువు ఎలా అయ్యాడని నేను అడిగితే, నీకు అలాంటి సందేహాలు రాకూడదోయ్, నువ్వు భద్రుడివి అన్నారు బావ.

వార్తలు చదివే ఆయన ఒక్కరే, పాపం. నాలుగు బులెటిన్లూ ఆయనే చదవాలి. సాధకులకి కోటు వేసుకుని, బాంధవులకి చొక్కా చేతులు మడిచి, జిజ్ఞాసువులకి అద్దాలు లేని కళ్లజోడు పెట్టుకుని, భద్రులకి స్వెట్టర్ తొడుక్కుని. స్వెట్టర్ చూస్తే మనసుకి రక్షణగా ఉంటుందని బావ పరిశోధనలో తేలింది. నిప్పులు చెరిగే ఎండల్లో ఆయన ఆ స్వెట్టర్లో ‘అంతా ప్రశాంతం’ అంటూ చెమటలు కక్కుతుంటే భద్రులమంతా ఊపిరి పీల్చుకునేవాళ్లం.

పద్ధతి ఎంత బాగా పనిచేసిందో చెప్పడానికి బస్సు చార్జీల సంగతి ఒక్కటి చాలు. చార్జీలు ఒకేసారి రెట్టింపయ్యాయి. పాతరోజుల్లో అయితే బస్సుల అద్దాలు పగిలేవి. ఈసారి సాధకులకి ‘మీ ప్రయాణం విలువ రెట్టింపైంది’ అని చెప్పారు. బాంధవులకి ‘బస్సుల్లో రద్దీ తగ్గనుంది, పక్కవారితో తీరిగ్గా మాట్లాడుకోవచ్చు’ అన్నారు. జిజ్ఞాసువులకి చక్రం పుట్టుక మీద గంటసేపు కార్యక్రమం వేశారు. మాకు ‘బస్సులు యథాప్రకారం తిరుగుతున్నాయి’ అన్నారు. ఒక్క రాయి లేవలేదు. కండక్టర్ దగ్గర జనం గొణుక్కున్నారు గానీ, ఎవరికి వాళ్లు తమకొక్కరికే ఇలా జరిగిందనుకుని సిగ్గుపడి ఊరుకున్నారు. పైగా ఒక వర్గం వార్త ఇంకో వర్గానికి చెప్పడం ‘వార్తల కల్తీ’ కిందికి వస్తుందని సర్క్యులర్ కూడా వచ్చింది. నేనూ మాస్టారూ అరుగు మీద కూర్చుని ఎండ గురించి మాట్లాడుకునేవాళ్లం. అది రెండు వర్గాలకీ సమానంగానే తెలుసు కదా.

మంత్రిగారు పొంగిపోయి, మరి నేనే వర్గమయ్యా అని బావని అడిగారు. బావ ఆయనకీ అదే ప్రశ్న వేశారు. ఇంటికి నిప్పంటుకుంటే మొదట ఏం తీసుకుని బయటికొస్తారు సార్? ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, కెమెరామన్‌ని అన్నారు. ఇంత ఉన్నతమైన మానసిక అవసరం ఆ నాలుగు వర్గాల్లో ఎక్కడా ఇమడలేదు. అందుకని బావ ఆయన కోసం ఐదో వర్గం పెట్టారు. దానికి ‘విశిష్టులు’ అని పేరు. అందులో ఉన్నది ఆయనొక్కరే. ఆ వర్గం బులెటిన్లో పొద్దున్నుంచి సాయంత్రందాకా ప్రజల కృతజ్ఞతే. ఈ సంగతి బావ నాకు గొప్పగా చెప్పుకున్నారు. మంత్రిగారికి చెప్పలేదు, ఆయన అందరూ చూసేది అదే అనుకునేవారు.

ఇలా అంతా సాఫీగా నడుస్తుండగా నీళ్ల శాఖనుంచి ఒక కబురొచ్చింది. పెద్ద పైపు మారుస్తున్నాం, రేపు ఉదయం నుంచి మూడు రోజులు ఊళ్లో నీళ్లు రావు, ఈ సాయంత్రమే పట్టి పెట్టుకోమని ప్రజలకి చెప్పండి. ఇంతే కబురు. చదువురానివాడికి కూడా అర్థమవుతుంది. అదే దాని లోపం అన్నారు బావ. దాన్ని ఆఫీసులో వర్గానికొకటిగా వేసిన నాలుగు బల్లల దగ్గరికి పంపారు, ఎవరి వర్గానికి తగ్గట్టు వాళ్లు దిద్దుకోమని.

సాధకుల బల్లవాళ్లు, మా వాళ్లకి ఆటంకాలంటే గిట్టదని, నీళ్లు రావన్న ముక్క కొట్టేశారు. ‘మన నీటి వ్యవస్థ ప్రపంచస్థాయికి చేరుతోంది’ అన్నది మిగిలింది. బాంధవుల బల్లవాళ్లు పైపు సంగతి తీసేసి, ‘ఈ మూడు రోజులూ ఇరుగుపొరుగు ఒకరికొకరు తోడుగా ఉందాం’ అన్నారు. జిజ్ఞాసువుల బల్లవాళ్లు పైపు వ్యాసం, పొడవు, దాన్ని పోతపోసిన విధానం అన్నీ ఉంచి, అన్నీ తెలిసిపోతే జిజ్ఞాస చచ్చిపోతుందని నీళ్లు ఎప్పుడు ఆగుతాయన్నది తీసేశారు. మా స్వెట్టరాయన మాత్రం ఆ సాయంత్రం నవ్వుతూ, ‘నీళ్ల గురించి ఎవరూ ఆందోళన పడనవసరం లేదు’ అన్నాడు. నిజానికి అప్పటిదాకా మేమెవరం పడలేదు. ఎంత చల్లని మాట చెప్పాడో అనుకుని, అక్క ఆసుపత్రి దుప్పట్లన్నీ తెచ్చి తొట్లలో సబ్బునీళ్లలో నానేసింది. అవి ఎల్లుండి పొద్దున్నే అప్పజెప్పాలి.

ఊళ్లో ఆ కబురు పూర్తిగా తెలిసిన మనిషి మా బావ ఒక్కరే. ఆయన ఆఫీసు నుంచి వస్తూనే పైన బాత్రూంలోకి వెళ్లి, ఉన్న డ్రమ్మూ బకెట్లూ చెంబులూ అన్నీ నింపి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి కోటు జేబులో పెట్టుకున్నారు. ఎందుకండీ అని అక్క అడిగితే, ఆఫీసు విషయం అన్నారు. బాత్రూంలో ఆఫీసు విషయం ఏముంటుందా అని మేం కాసేపు ఆలోచించి, పెద్ద ఉద్యోగం కదా అని వదిలేశాం.

తెల్లారింది. కుళాయి తిప్పితే బుస్సుమని గాలొచ్చింది. అక్క ఇంకో కుళాయి తిప్పింది, అదీ అంతే. తొట్ల నిండా నురగ, నురగలో ఆసుపత్రి దుప్పట్లు. పనిచేసే ఇద్దరమ్మాయిలూ మోచేతులదాకా సబ్బుతో అక్క మొహంకేసి చూస్తున్నారు. అక్క పైకొచ్చింది. బావ శుభ్రంగా స్నానం చేసి, తల దువ్వుకుంటున్నారు.

“నీళ్లు రావని మీకు తెలుసా?”

“అధికారిగా తెలుసు.”

“నాకు ఒక్క మాట చెప్పొద్దా? దుప్పట్లు నానేస్తుంటే చూస్తూనే ఉన్నారుగా.”

“నువ్వు భద్రుల వర్గం. ఆందోళన కలిగించే సమాచారం నీకు చేరకూడదని రూలుంది. ఆ రూలు రాసినవాణ్ణి నేనే. నేనే ఇంట్లో కల్తీ చేస్తే రేపు ఊళ్లో మొహం ఎలా చూపించను?”

ఇంత నిజాయితీ గల అధికారి ఇంట్లో ఉండటం మా అదృష్టం. అక్క ఆ అదృష్టాన్ని అక్కడే వదిలేసింది. కిందికెళ్లి నా ఇస్త్రీ పెట్టె తీసుకొచ్చి బాత్రూం తాళం మీద రెండు దెబ్బలు వేసింది. తాళం ఊడి కిందపడింది. ఆ నీళ్లు ఒక్క తొట్టి జాడించడానికి సరిపోయాయి. మిగతావన్నీ సబ్బులోనే ఉన్నాయి.

అప్పటికే వీధిలో జనం పోగయ్యారు. అన్ని రంగుల దీపాలవాళ్లూ ఖాళీ బకెట్లు పట్టుకుని గడపల్లోకి వచ్చేశారు. మొట్టమొదటిసారి సర్క్యులర్ మర్చిపోయి, మీకేం చెప్పారంటే మీకేం చెప్పారని ఒకరినొకరు అడిగారు. నాలుగు ముక్కలూ కలిపితే అసలు సంగతి బయటపడింది. మాస్టారైతే, నాకు పైపు వ్యాసం కూడా తెలుసండీ, నీళ్లు ఇవాళే ఆగుతాయని తెలీదు అని ఏడవలేక నవ్వారు. ఊరంతా ఎండిపోయినా మంత్రిగారి బంగళా తోటలో నీళ్లు చిమ్ముతూనే ఉంటాయని పాలబ్బాయి చెప్పాడు. బంగళాకి సొంత బోరు ఉంది. అక్క తడి దుప్పట్లు తోపుడుబండి మీదికి ఎక్కించింది. బకెట్లన్నీ ఆమె వెనక కదిలాయి.

నేను వాళ్లకంటే ముందే బంగళాలో ఉన్నాను. మంత్రిగారి చొక్కాలు ఇస్త్రీ చేసి పొద్దున్నే అందించడం నా పని. నేను వెళ్లేసరికి ఆయన బనీనుతో సోఫాలో కూర్చుని తన టీవీ చూసుకుంటున్నారు. బావ ఆఫీసు కారులో అప్పుడే పరుగున వచ్చి పక్కన నిలబడ్డారు. టీవీలో బంగళా గేటే కనిపిస్తోంది. ‘తెల్లని వస్త్రాలతో తరలివస్తున్న జనసముద్రం. మంత్రివర్యుల స్వచ్ఛమైన పాలనకు అభినందన’ అంటోంది ఒక గొంతు. వెనక మంద్రంగా వీణ. మంత్రిగారు లేచి కిటికీ దగ్గరికెళ్లి బయటికి చూశారు. మళ్లీ వచ్చి టీవీ చూశారు. గేటూ అదే, జనమూ అదే, దుప్పట్లూ అవే.

“ఫరవాలేదయ్యా, మనవాళ్లు ఉన్నదున్నట్టు చూపిస్తున్నారు” అన్నారు. తర్వాత చెవి ఒగ్గి, “బయట ఏదో అరుస్తున్నారేం?”

“నినాదాలు సార్” అన్నారు బావ. “టీవీలో వీణ వేయించాం. బయట వేయడానికి వీలు పడలేదు.”

గేటు తెరిపించమన్నారు మంత్రిగారు. జనం బిలబిలమంటూ తోటలోకి వచ్చారు. మా అక్క నేరుగా వెళ్లి తోటమాలి చేతిలో పైపు లాక్కుంది. పచ్చిక మీద దుప్పట్లు పరిచి, వాటి మీద నీళ్లు పట్టి, పనివాళ్లతో కలిసి జాడించడం మొదలుపెట్టింది. నురగ గులాబీ మొక్కల మొదళ్లలోకి కాలువలు కట్టింది. మిగతావాళ్లు ఇంకో కుళాయి దగ్గర బకెట్లు నింపుకుంటున్నారు.

మంత్రిగారు ఆశ్చర్యంగా, ఆవిడెవరయ్యా, నా తోటలో బట్టలుతుకుతోంది అని అడిగారు. ఆవిడెవరో బావకి బాగా తెలుసు. అయినా ఆయన వృత్తిధర్మం వదల్లేదు.

“అభిమానం సార్. మీ తోట నీళ్లు తగిలిన దుప్పటి కప్పుకుంటే నిబ్బరంగా ఉంటుందని ప్రజల నమ్మకం.”

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల రాజకీయంలో ఇంత ప్రేమ చూడలేదయ్యా అన్నారు. ఇంకో రెండు పైపులు పెట్టించమనీ, మోటారు ఆపొద్దనీ, తడిగుడ్డలతో ఎవరినీ పంపొద్దు, ఆరేదాకా ఉండనివ్వమనీ ఆర్డరేశారు. నా చేతిలోంచి నీలం చొక్కా తీసుకుని తొడుక్కుని బాల్కనీలోకి వెళ్లి రెండు చేతులూ ఊపారు. కింద అరుపులు ఎక్కువయ్యాయి. ఆయన ఇంకా ఎక్కువగా ఊపారు.

అక్క ఒక్కసారి తలెత్తి చూసింది. ముందు మంత్రిగారు, ఆయన పక్కన చిరునవ్వుతో తన మొగుడు, వెనక హేంగర్లు పట్టుకుని తన తమ్ముడు. మళ్లీ తల దించుకుని దుప్పటి పిండసాగింది. నాకు తల కొట్టేసినట్టయింది. మిగతా చొక్కాలు తలుపు గడియకి తగిలించి, కిందికి దిగి, దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. నేను అలా చెప్పకుండా దిగిపోవడం క్రమశిక్షణారాహిత్యమని బావ తర్వాత అన్నారు. అయి ఉండొచ్చు.

మధ్యాహ్నానికి బంగళా ప్రహరీ పొడుగునా దుప్పట్లు ఆరాయి. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో అప్పజెప్పాం. ఊరంతా నీళ్లు లేని రోజున ఇంత తెల్లటి దుప్పట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని స్టోర్ కీపర్ ఒక్కొక్కటీ విప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, గులాబీల వాసనొస్తోందేంటమ్మా అన్నాడు. మిషన్ల కంపెనీవాళ్లు ఆ రోజు దుప్పట్లు కాదు కదా, చేతిరుమాలు కూడా ఉతకలేకపోయారట. కాంట్రాక్టు మాకే ఉంది. అక్క ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని కాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ సాయంత్రం బావ మిఠాయి పొట్లంతో వచ్చారు. అక్క మిగిలిన దిండు గలేబులు మడత పెడుతోంది, నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన మడత కుర్చీ లాక్కుని మా మధ్యనే కూర్చున్నారు. నిన్న ఉదయం ప్రసారాల మీద సంతృప్తి ఎంతో పెట్టెల ద్వారా లెక్క తేలిందట. బులెటిన్ చూసినవాళ్లలో నూటికి నూరు శాతం మంది పూర్తి సంతృప్తి చెందారట. ఏ దేశంలోనూ ఎన్నడూ ఇలాంటి ఫలితం రాలేదట. మంత్రిగారు అక్కడికక్కడే బావని డైరెక్టర్ చేస్తూ సంతకం పెట్టేశారు.

“ఎంతమంది చూశారు?” అంది అక్క, తల ఎత్తకుండానే.

సర్వే శాస్త్రంలో తలలు లెక్కపెట్టరనీ, శాతమే ముఖ్యమనీ బావ ఓపిగ్గా వివరించారు. అక్క ఇంకో గలేబు మడిచింది.

“అందరం బకెట్లు పట్టుకుని రోడ్డు మీదే ఉన్నాం కదండీ. ఎన్ని ఇళ్లల్లో పెట్టారు టీవీ?”

బావ మిఠాయి పొట్లం దారం విప్పుతూ, ఒకటి అన్నారు.

అక్క చేతులు ఆగాయి. నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాను. ఆమె ఆయన మొహంలోకి చూసి, మెల్లగా అడిగింది.

“పోనీ, నీళ్లు రావడం లేదని ఆయనకి ఇప్పుడైనా చెప్పారా?”

బావ నిజంగానే నొచ్చుకున్నారు. ఇన్నేళ్లు కాపురం చేసీ తన పని గురించి పెళ్లానికి ఏమీ అర్థం కాలేదన్న బాధ ఆయన గొంతులో వినిపించింది.

“ఆ వర్గం మొత్తానికి ఉన్నది ఆయనొక్కడే. ఆ ఒక్కణ్ణీ ఆందోళన పెట్టమంటావా?”